రొయ్య పెంటికల అద్దం

మిరపకాయల పని అయిపోయి మూడు నెలలైంది. కల్లాలు ఖాళీ. కోల్డ్ స్టోరేజీల ముందు లారీల వరసలు లేవు. ఊళ్లో దగ్గులన్నీ ఆగిపోయాయి. నాది ఆగలేదు.

మా వైపు మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా అందరూ దగ్గుతారు. బస్సులో దగ్గుతారు, చర్చిలో ప్రార్థన మధ్యలో దగ్గుతారు, పెళ్లిపందిట్లో మంత్రాలు చదివే పంతులుగారూ దగ్గుతారు. దగ్గని మనిషి కనిపిస్తే ఏ ఊరు బాబూ మీది అని అడుగుతాం. అందుకని ఇక్కడ దగ్గుకి ఎవరూ భయపడరు. మిర్చి ఘాటు, నాలుగు వానలు పడితే అదే పోతుంది అంటారు. వానలు పడ్డాయి.

మా అమ్మాయి పోరు పడలేక పోయిన సోమవారం సత్తెనపల్లి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాను. తీసిన పిల్ల ఫిల్మును కవర్లో పెట్టబోతూ దాని మీద ఏదో నలుసు కనిపించి "ఉఫ్" అని ఊదింది. బల్ల పట్టుకుని కూర్చున్నాను.

"ఏంటి పెద్దమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదమ్మా. అట్లా ఊదే ఆయన ఒకాయన ఉండేవాడు."

"ఇప్పుడు లేడా?"

"లేడు."

డాక్టరు గారు శనివారం వస్తారట. అప్పుడే చూసి చెబుతారట. ఇవాళ గురువారం. ఫిల్ము బీరువా మీద ఉంది. తీసి చూసుకోవాలంటే భయం. చూడకుండా కూర్చోవాలన్నా భయం. వంటింట్లో ఉన్నా దాని వైపే మనసు పోతోంది. ఊరికే కూర్చోలేక ఆయన గురించి రాస్తున్నాను.

ఆయన్ని ఊళ్లో అందరూ మేస్త్రి అనేవారు. ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. రాళ్లు అరగదీసే మేస్త్రి. కాలేజీలవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలవాళ్లు రాతిముక్కలు సంచుల్లో కట్టి పంపేవారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాటిని రంపం మిషను మీద బిళ్లలుగా కోసేవాడు. బిళ్లని గాజుముక్కకి బంకతో అంటించి, నల్లటి గరుకుపొడి వేసి, మందపాటి అద్దం మీద రుద్ది రుద్ది, వెలుతురు ఇటునుంచి అటు పోయేంత పల్చన చేసేవాడు. ఉల్లిపొర కన్నా పల్చన. అంత పల్చనైతే తప్ప రాయి లోపల ఏముందో మైక్రోస్కోపులో కనిపించదు. ఆ గాజుముక్కని అద్దం అనేవాళ్లం. అద్దాలు పెట్టెల్లో సర్ది తిరిగి పంపేవాడు. పని అంతే.

నన్ను మిర్చి యార్డుకి వచ్చి ఎంచుకుపోయాడు. ఇరవైమంది ఆడవాళ్లం కూర్చుని మిరపకాయలకి తొడాలు తీస్తున్నాం. ఆయన మా మధ్యలో చేతులు చూసుకుంటూ నడిచాడు, మొహాలు చూడలేదు.

"ఏందయ్యా, గాజులు తొడుగుతావా?" అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. నా దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, నువ్వు తీసిన కాయలోంచి గింజ రాలట్లేదు."

"అమ్మాయేంది? నాకు నలభై రెండేళ్లు."

"రాయి అరగదీస్తావా?"

"దేనికి?"

"లోపల ఎవరున్నారో చూద్దామని."

పిచ్చోడు అనుకున్నాను. కానీ నీడపట్టున పని అన్నాడు, ఏడాది పొడుగునా ఉంటుందన్నాడు. తెల్లారి వెళ్లాను. పదకొండేళ్లు వెళ్లాను. చివరిదాకా నన్ను అమ్మాయ్ అనే పిలిచాడు. ఆయన నాకన్నా పదేళ్లు పెద్దేమో, అంతే.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఊదడం చెప్పాలి. బిళ్ల చేతిలోకి తీసుకుంటే ఉఫ్. కుర్చీలో కూర్చోబోతే ఉఫ్. బస్సు టిక్కెట్టు జేబులో పెట్టుకునే ముందు ఉఫ్. కంచం ముందు కూర్చుని అన్నం ఇంకా వడ్డించకముందే ఉఫ్.

"ఆ వట్టి కంచంలో ఏముందని ఊదుతున్నారు?" అని ఒకసారి అడిగాను.

"ఏమీ లేదని నీకెట్లా తెలుసు?" అన్నాడు.

ఊదిన మనిషి మళ్లీ గాలి లోపలికి లాగాలి కదా. ఏ గాలి లాగుతున్నాడో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

కళ్లజోడు కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. ఆ దారం మూడేళ్లకి రాతిరంగుకి తిరిగింది. మోచేతులదాకా ఎప్పుడూ తెల్లగా ఉండేవాడు. వీధిలో వెళ్తుంటే పిల్లలు "సున్నం మేస్త్రీ" అని అరిచేవారు. ఆయన ఆగి, "సున్నం కాదురా, ఇవాళ ఇసకరాయి" అని సర్దిచెప్పి మరీ వెళ్లేవాడు.

రాయి పల్చనైందో లేదో తేల్చడానికి ఆయనకొక పద్ధతి ఉంది. పాత పేపరు పరిచి, దాని మీద బిళ్ల పెట్టి చూడాలి. రాతిలోంచి కింది అక్షరం కనిపిస్తే చాలావరకు అయినట్టు. కనిపించకపోతే ఇంకా రుద్దాలి. పేపరులో కూడా ఎప్పుడూ ఒకే పేజీ తీసేవాడు. పోయినవాళ్ల ఫొటోలు వేస్తారే, ఆ పేజీ. "దీంట్లో అక్షరాలు లావుగా దూరం దూరంగా ఉంటాయి. పోయినవాళ్లకి చోటు బాగా ఇస్తారు" అనేవాడు.

"కనిపిస్తోందా అమ్మాయ్?"

"ఆఁ, కనిపిస్తోంది."

నాకు అక్షరాలు రావని చెప్పలేదు. నల్లగా ఏదో మరక తోస్తే కనిపిస్తోంది అనేదాన్ని. ఒక నెల అట్లాగే నెట్టుకొచ్చాను. ఒకరోజు ఆ మరక ఎంతకీ రాలేదు. నేను రుద్దుతూనే ఉన్నాను. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రుద్ది, చివరికి ఎత్తి చూస్తే గాజు మీద రాయే లేదు. మొత్తం అరిగి నీళ్లలో కలిసిపోయింది. పేపరు మీద నేను పెట్టినచోట అసలు అక్షరమే లేదు. ఖాళీ జాగాలో పెట్టాను.

ఆయన వట్టి గాజుముక్కని వెలుతురుకి పెట్టి చూశాడు. ఉఫ్ అన్నాడు.

"ఎన్ని కోట్ల ఏళ్లనుంచో దాక్కున్నదాన్ని ఒక్కపూటలో మాయం చేశావే."

నేను పేపరు మడవబోయాను.

"నీకు చదువు రాదు."

"రాదు."

"మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"చెబితే పనిచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు ఇచ్చేశాను కాబట్టి నేర్చుకో."

ఆ రోజునుంచి రాయి కింద అక్షరం పెట్టి అడిగేవాడు. మొదట మసకమసగ్గా కనిపించేది. రుద్దేకొద్దీ తేలేది. అక్షరం తేలేసరికి దాని పేరు నాకు వచ్చి ఉండాలి. రాకపోతే వెంటనే చెప్పేవాడు కాదు. "చూసింది చూసినట్టు చెప్పు. పేరు తర్వాత పెడదాం" అనేవాడు. పైన చిన్న గీత, కింద సున్న, పక్కన కొక్కెం, ఇట్లా చెప్పుకుంటూ పోవాలి. పూర్తిగా చెప్పాక అప్పుడు పేరు చెప్పేవాడు. రాయికీ అదే మాట, అక్షరానికీ అదే మాట. నేను మొదటిసారి కూడబలుక్కుని చదివిన మాట 'కన్నుమూత'. చదివి సంబరంతో పైకి అరిచాను. చర్చిలో పాటల పుస్తకం ముందు నిలబడి, పెదాలు ఆడించి ఇల్లు చేరిన మనిషిని మరి. అదేం మాట అని కూడా ఆలోచించలేదు.

రెండో ఏడు వానాకాలంలో పడమటి సముద్రం వైపునుంచి ఒక సంచి వచ్చింది. బూడిదరంగు సున్నపురాయి. నేనే అరగదీశాను. ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టి, తీయకుండానే చెయ్యి ఊపి పిలిచాడు.

"రా. చూడు. చూసింది చూసినట్టు చెప్పు."

చూశాను. "గోధుమరంగు బిళ్లలున్నాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా. బిళ్లలకి చిల్లులున్నాయి."

"జల్లెడకున్నట్టు అంతటా ఉన్నాయా?"

"కాదు. రెండు నెలవంకలు ఎదురెదురుగా పెట్టినట్టున్నాయి. ఎవరో కూర్చుని సూదితో గుచ్చినట్టు."

"పక్కన పొడుగ్గా తెగింది చూడు."

"దానికి చిల్లుల్లేవు. గీతలు. నవారు పట్టీలాగా."

"అడ్డంగా తెగితే చిల్లులు, నిలువుగా తెగితే గీతలు. ఏమై ఉంటుంది?"

"చొక్కా గుండీలా?"

ఆయన నవ్వాడు. "పెంటికలు."

నేను కన్ను తీసేశాను. "ఏంటి?"

"రొయ్యలకి దూరపు చుట్టం ఏదో. సముద్రం అడుగున బురదలో బొరియ చేసుకుని బతికింది. బురద తింది, ఇది విడిచింది. అది రాయైంది."

"పొద్దుటినుంచి వేలిచివర్లు అరిగేలా రుద్దింది రొయ్య పెంటికల కోసమా!"

"మరి? మేక పెంటికలైతే మీ వీధిలోనే దొరుకుతాయిగా."

"మా నాన్న మేకలు కాసేవాడు. పెంటిక చూసి ఏ మేకకి కడుపు బాగోలేదో చెప్పేసేవాడు" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. స్టూలు మీంచి లేచాడు. "చూశావా! మీ నాన్న ఊరికే చేసిన పనికి వీళ్లు పెద్ద పెద్ద డిగ్రీలు పెట్టుకున్నారు. వీళ్లూ అంతే. చిల్లులెన్ని, ఎట్లా కూర్చున్నాయి అని చూసి ఏ జాతిదో చెబుతారు."

"మరి ఆ రొయ్య ఏది?"

"లేదు."

"పెంకన్నా?"

"పెంకు లేదు, కాళ్లు లేవు, మీసాలు లేవు. అంతా పోయింది." ఆయన గొంతు తగ్గింది. "ఆ చిల్లులు దాని పేగు లోపలి అచ్చు. లోపలికి పోయిన బురద లోపలి ఆకారం పట్టుకుని బయటికొచ్చింది. ప్రాణి పోయింది. దాని లోపల ఏ మూల ఎట్లా ఉందో అది మిగిలింది."

అప్పుడు నేను నవ్వాను. ఇంటికెళ్లి మా అమ్మాయికి చెప్పి మళ్లీ నవ్వాను. ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే నవ్వు రావట్లేదు. బురద బయటికొచ్చింది కాబట్టి అచ్చు తెచ్చింది. బయటికి రాకుండా లోపలే ఉండిపోతే?

మన పల్నాటి రాయి వచ్చినరోజు మాత్రం ఆయన వేరే మనిషైపోయేవాడు. ఇళ్లల్లో పరుచుకునే నాపరాయి, బట్టీల్లో సున్నానికి కాల్చే రాయి, అదే. అరగదీసేదాకా బాగానే ఉండేవాడు. చూడాల్సి వచ్చేసరికి రేడియో గట్టిగా పెట్టి, "నువ్వు చూడమ్మాయ్" అనేవాడు.

"ఎవరన్నా ఉన్నారా?"

"లేరు."

"మూలల్లో చూడు."

"గీతలే. పొరలు పొరలుగా."

"పెంటిక ఒక్కటన్నా?"

"లేదు మేస్త్రి గారూ."

తలుపు వేసిన ఇంట్లోకి తొంగిచూసి రమ్మన్నట్టు అడిగేవాడు. ఒకసారి విసుగొచ్చి, లేని దానికోసం ఎందుకంత వెతుక్కుంటారు అన్నాను. ఆయన రేడియో కట్టేశాడు.

"మన రాయి పేరుకున్నప్పుడు కడుపున్న ప్రాణి ఇంకా పుట్టలేదమ్మాయ్. నీళ్లలో కంటికానని పాచి, అంతే. నోరు లేదు, ఆకలి లేదు. ఎండ కాసింది, నీళ్లు కదిలాయి, చూసినవాడు లేడు. ఎంతకాలమో అట్లా గడిచింది. ఎవరూ లేకుండా గడిచింది కదా, మళ్లీ గడుస్తుంది."

"ఆకలి లేకపోతే మంచిదేగా" అన్నాను. ఆకలి ఎట్లా ఉంటుందో తెలిసినదాన్ని.

"నాకు భయం" అన్నాడు. ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా అన్నాడు. మళ్లీ రేడియో పెట్టుకున్నాడు.

మా ఇంట్లో పరిచింది ఆ రాయే. ఎండాకాలం దాని మీద చాప లేకుండా పడుకునేదాన్ని, హాయిగా ఉండేది. ఈ నాలుగురోజులుగా చెప్పులేసుకుని తిరుగుతున్నాను. మా అమ్మాయి చూసి ఏమైంది నీకు అంటోంది.

నీళ్ల సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను. అది రాయకపోతే ఈ కాగితాలు దేనికీ పనికిరావు.

రంపం మిషను పైన ఒక రేకుడబ్బా వేలాడుతుండేది. దాని అడుగున చిన్న కుళాయి. రాయి కోస్తున్నంతసేపూ నీళ్లు బ్లేడు మీద ధారగా పడేవి. దుమ్ము లేవకుండా బురదై కాలవలోకి పోయేది. మూడో ఏడు ఎండాకాలం మా పేటకి ట్యాంకరు మూడురోజులకోసారి వచ్చింది. బిందెల దగ్గర జుట్లు పట్టుకున్నాం. షెడ్డులో బోరు ఎండిపోయింది. అట్లా కొట్లాడి తెచ్చిన నీళ్లలోంచే రెండు బిందెలు మోసుకొచ్చి ఆ డబ్బాలో పోయాలి. తాగే నీళ్లు బూడిదరంగు తిరిగి కాలవలో పోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"మనుషులకి లేకపోతే రాళ్లకి తాగిస్తారా?" అని బిందె దింపేశాను.

"నీళ్లు లేకపోతే దుమ్ము లేస్తుందమ్మాయ్."

"లేస్తే లేచింది. ముక్కుకి తువ్వాలు కట్టుకోండి. నాకు కొంగుంది. యార్డులో మేం మింగిన దుమ్ము కన్నానా? దీనికి ఘాటు కూడా లేదు."

ఆయన నా వైపు చూశాడు, బిందె వైపు చూశాడు. నవ్వి, డబ్బా దింపి నా చేతికిచ్చాడు. నేను దాన్ని తోముకుని ఇంట్లో తాగేనీళ్లకి పెట్టుకున్నాను.

వానలు పడ్డాయి. బోరులో నీళ్లొచ్చాయి. డబ్బా మళ్లీ వేలాడలేదు. పొడిగా కోస్తే పని తొందరగా తెములుతోందని ఇద్దరికీ తెలిసిపోయింది. తువ్వాలు వారం రోజులు కట్టుకున్నాడు, ఊపిరాడట్లేదని తీసేశాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుంటే రెండు చేతులూ పనికి రావని వదిలేశాను. కిటికీలోంచి ఎండ పడితే ఆ దుమ్ము గాలిలో మెరుస్తూ నిలబడేది. కిందికి దిగేది కాదు. "చూడు, ఎంత బాగుందో" అన్నాడు ఒకసారి. నిజంగా బాగుండేది. మిర్చి దుమ్ము పైకి లేచిందంటే కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది, మనిషి పారిపోతాడు. ఇది ఏమీ చేయలేదు. ఘాటు లేనిదానికి భయపడడం మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆయనకి దగ్గు మొదలైంది మిర్చి రోజుల్లోనే. అందుకని ఎవరూ పట్టించుకోలేదు. శ్రావణం వచ్చినా పోలేదు. "నిరుటి ఘాటు మేస్త్రి దగ్గరే ఉండిపోయింది" అని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. ఆయనా నవ్వాడు. ఆ పై ఏడు షెడ్డు నుంచి వీధి మొగదాకా నడవడానికి రెండుసార్లు ఆగడం మొదలుపెట్టాడు. ఆగినప్పుడు గోడ మీద ఏదో చదువుతున్నట్టు నిలబడేవాడు. ఆ గోడ మీద ఏమీ రాసి ఉండేది కాదు.

నేనే బలవంతాన గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఏం పని చేస్తారు?" అన్నాడు.

మేస్త్రి నా వైపు చూశాడు. "మాది మిర్చి ఊరండి" అన్నాడు.

డాక్టరు తలూపి అదే రాసుకున్నాడు. ఎక్స్‌రే తీయించుకుని రమ్మన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఎక్స్‌రే తీయించుకున్నాడు గానీ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. ఫిల్మును షెడ్డుకి తెచ్చి కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. ముందు ఉఫ్ అని ఊదాడు.

"రా అమ్మాయ్. చూసింది చూసినట్టు చెప్పు."

నాకు వెళ్లాలనిపించలేదు. వెళ్లాను.

"పక్కటెముకలు. నల్లగా రెండు సంచులు. వాటిల్లో తెల్లచుక్కలు."

"ఎక్కడ ఎక్కువున్నాయి?"

"పైన ఎక్కువ. కింద తక్కువ."

"ఎట్లా ఉన్నాయి?"

"గుండ్రంగా. చిన్నగా. చాలా ఉన్నాయి."

"చిల్లులున్నాయా వాటికి?"

"లేవు."

"అయితే రొయ్యవి కావులే" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు తగ్గేదాకా నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

"దీని పేరేంటి మేస్త్రి గారూ?"

"పేరు తర్వాత."

"డాక్టరుకి చూపించండి."

"చూపిస్తే మళ్లీ ఏం పని అంటాడు."

"అంటే చెప్పండి."

"చెబితే ఎన్నేళ్లనుంచి అంటాడు. నీళ్లు పోసి కొయ్యరా అంటాడు." అక్కడ ఆగిపోయాడు. నా మొహం చూశాడు. "మిర్చేలే అమ్మాయ్" అన్నాడు.

ఫిల్మును మళ్లీ కవర్లో పెట్టేశాడు.

ఆ మాట నాకోసం అన్నాడా, తనకోసం అన్నాడా? పదమూడేళ్లనుంచి అడుగుతున్నాను. నన్ను కాపాడ్డానికే అనుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. తన భయం కొద్దీ అన్నాడనుకుంటే కాస్త ఊపిరాడుతుంది. అందుకని ఎక్కువసార్లు రెండోదే అనుకుంటాను.

షెడ్డు మూసేసిన రోజు నాకొక చిన్న పొట్లం ఇచ్చాడు. పత్తిలో చుట్టిన అద్దం. అంచున అంటించిన కాగితం మీద నా అక్షరాలే, అప్పుడప్పుడే నేర్చుకున్న లావుపాటి అక్షరాలు: రొయ్య పెంటికలు. వాళ్లకి పంపగా ఇది మిగిలిందన్నాడు. "నువ్వు అరగదీసిందే. దీన్ని నువ్వు మాయం చేయలేదు" అన్నాడు.

ఆ ఏడే పోయాడు. పేపర్లో వేయలేదు. వేసి ఉంటే చదివేదాన్ని.

ఇక్కడిదాకా గురువారం రాశాను. ఇప్పుడు శనివారం సాయంత్రం.

పొద్దున్న బస్సులో మా అమ్మాయి నాకు పాఠం చెబుతూనే ఉంది.

"ఏం పని అని అడిగితే మిర్చి అని చెప్పమ్మా. అది కూడా చేశావుగా. అబద్ధం కాదు. మందులు రాసిచ్చి పంపేస్తారు."

"లేకపోతే?"

"లేకపోతే ఏవేవో పరీక్షలంటారు. నువ్వు భయపడతావు."

"ఇప్పుడు భయపడట్లేదా?"

అది కిటికీలోంచి చేలవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. దానికీ మేస్త్రి తెలుసు. ఆయన గోడ దగ్గర ఆగడం అదీ చూసింది.

డాక్టరు గారు మా అమ్మాయి వయసువాడు. గొట్టం పెట్టి విన్నాడు. ఫిల్ము ఇంకా కవర్లోనే ఉంది.

"ఏం పని చేసేవారు పెద్దమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అంది: "మిర్చి యార్డులో అండీ. తొడాలు తీసేది."

ఆయన తలూపాడు. కాగితం మీద అదే రాసుకున్నాడు. ఆ తలూపడం నేను ఇదివరకు చూశాను. గుంటూరులో, ఇట్లాగే పక్కన నిలబడి చూశాను.

కొంగుముడి విప్పి అద్దం తీసి బల్లమీద పెట్టాను.

"ఏంటిది? రక్తమా? ఎక్కడ తీశారు?" అని వెలుతురుకి పెట్టి చూశాడు.

"రక్తం కాదు బాబూ. రాయి. రొయ్య పెంటికలు రాయైపోతే నేను అరగదీసింది. పదకొండేళ్లు రాళ్లు అరగదీశాను."

"అమ్మా" అని మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నీళ్లు పోసి కోసేవారా, పొడిగానా?"

మేస్త్రి సరిగ్గానే చెప్పాడు. అదే అడుగుతారు.

"మొదట నీళ్లుండేవి. వద్దన్నది నేనే."

డాక్టరు గారు రాసిన మాట కొట్టేశాడు. ఫిల్ము తీసి గోడమీద లైటుపెట్టెకి తగిలించాడు. నేను లేచాను. దగ్గరికి వెళ్లాను.

"కూర్చో పెద్దమ్మా, నేను చెబుతాగా."

"పైన ఎక్కువున్నాయి, కింద తక్కువున్నాయి" అన్నాను. "గుండ్రంగా ఉన్నాయి. ఆయనకున్నన్ని లేవు."

"ఎవరికి?"

చెప్పాను. ఆయన విన్నాడు. ఇంకొక పెద్ద ఫోటో తీయాలని, గుంటూరు వెళ్లాలని, అప్పుడుగానీ గట్టిగా చెప్పలేనని అన్నాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయే జబ్బని అనుమానమట, దాని పేరు మాత్రం కాగితం మీద ఇంగ్లీషులో రాశాడు.

"తెలుగులో రాయండి" అన్నాను.

ఒక్కక్షణం నా వైపు చూసి, దాని కిందే తెలుగులో రాశాడు. కాగితం దగ్గరికి లాక్కుని వేలు పెట్టాను. సి. లి. కో. సిస్. పైకే చదివాను. మేస్త్రి గారి దగ్గుకి కూడా ఇదే పేరై ఉంటుంది. పదమూడేళ్లు ఆలస్యంగా పెట్టాం.

కాగితం మడిచేముందు దాని మీద ఏదో నలుసు కనిపించింది. ఊదబోయి ఆగాను. కొంగుతో తుడిచాను.